పెళ్లి సీడీ ఎందుకు పోతుంది? చెరగని డిస్క్ ఏమైంది?.. నర్సీపట్నం బీరువా నుంచి గూగుల్ డేటా సెంటర్ దాకా

నర్సీపట్నం: 2000 తర్వాత పెళ్లయిన ఇళ్లలో చాలాచోట్ల బీరువా తీస్తే పట్టుచీరల మడతల మధ్య ఓ ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. పైన వధూవరుల ఫొటో, లోపల రెండో మూడో డిస్కులు. పిల్లలు చూస్తామన్నారనో, ఆ వీడియోలో ఉన్న నాన్నమ్మ ఇప్పుడు లేరనో దాన్ని తీసి ప్లేయర్‌లో పెడతారు. డిస్క్ గిర్రున తిరుగుతుంది. బొమ్మ మాత్రం రాదు. లేదంటే సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. చూస్తే డిస్క్ మీద గీత లేదు, పగులు లేదు. ఎవరూ ముట్టుకోలేదు కూడా. మరి ఏమైనట్టు?

ఇంకో విచిత్రం ఏంటంటే, అదే అరలో ఉన్న సినిమా డిస్క్ చక్కగా ఆడుతుంది. డైరెక్టర్ పూరీ జగన్నాథ్‌ది ఈ ఏరియానే కాబట్టి 2006లో వచ్చిన 'పోకిరి' డిస్క్ ఒకటి ఇంట్లో ఉందనుకోండి. వందసార్లు చూసి గీతలు పడినా అది ఆడే అవకాశమే ఎక్కువ. ఏడాదికోసారి కూడా తీయని పెళ్లి డిస్క్ మాత్రం పోతుంది.

చూడటానికి రెండూ ఒకటే. లోపల ఉన్నది మాత్రం వేరు.

సినిమా డిస్క్‌ని ఫ్యాక్టరీలో అచ్చు కొడతారు. ప్లాస్టిక్ మీద సన్నటి గుంటలు పడతాయి, వాటి మీద మెరిసే లోహం పూత ఉంటుంది. సమాచారం అంతా ఆ గుంటల్లోనే. గుంట ఎక్కడికీ పోదు. పెళ్లి వీడియోకి అలా అచ్చు కొట్టడం కుదరదు కదా! రెండు మూడు కాపీల కోసం ఫ్యాక్టరీ నడవదు. అందుకే వీడియో తీసినవాళ్లు ఖాళీ డిస్క్ కొని కంప్యూటర్‌లో 'రైట్' చేసి ఇచ్చారు. ఆ ఖాళీ డిస్క్‌లో ఉండేది ఒక రంగు. సేంద్రియ రసాయనంతో చేసిన పల్చటి రంగు పూత. లేజర్ తగిలిన చోట ఆ రంగు మాడి మచ్చ పడుతుంది. మచ్చ ఉన్నచోటు, లేనిచోటు.. ఇదే పెళ్లి వీడియో.

రంగు అన్నాక వెలుస్తుంది. ఎండ, వేడి, తేమ మూడూ దానికి శత్రువులే. కొండల నుంచి వచ్చే చెమ్మ, వానాకాలం ముసురు, వేసవిలో రేకుల ఇంటి వేడి.. ఇవన్నీ చూసిన డిస్క్‌లో మచ్చకీ, మచ్చ లేనిచోటుకీ తేడా తగ్గిపోతుంది. ప్లేయర్‌లోని లేజర్ తికమకపడుతుంది. అంతే, డిస్క్ పోయినట్టే. నాణ్యమైన రంగు వాడినవి ఇంకా బతికే ఉన్నాయి. గుత్తగా అమ్మిన చవక డిస్కులు మాత్రం కొన్నేళ్లకే పోయాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. పెళ్లి సీడీలు మన ఊళ్లకు వచ్చే నాటికే, రంగు అవసరం లేని ఇంకో డిస్క్ ప్రపంచంలో ఉంది. దాని మీద రాత వెలిసేది కాదు. స్పీకర్ అయస్కాంతం పక్కన పెట్టినా చెరిగేది కాదు. కావాలంటే పది లక్షల సార్లు చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. దాని పేరు మాగ్నెటో ఆప్టికల్ డిస్క్. అంటే అయస్కాంతం, కాంతి రెండూ కలిపి వాడే డిస్క్. దాని గుండెకాయ ఒక పల్చటి లోహపు పొర. ఆ పొర కథలో ఒక భారతీయ శాస్త్రవేత్త పేరు కూడా ఉంది.

అనకాపల్లి బెల్లం చెప్పే పాఠం

ఆ పొరని 'అమార్ఫస్' పొర అంటారు. తెలుగులో పాఠ్యపుస్తకాల మాట 'అస్ఫటికం'. అర్థం కావాలంటే ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు, అనకాపల్లి బెల్లం చాలు.

బెల్లం దిమ్మని విరిచి చూడండి. లోపల రవ్వ రవ్వగా పలుకులు కనిపిస్తాయి. అవి చక్కెర స్ఫటికాలు. ఒక్కో పలుకులో అణువులు వరుసలో బుద్ధిగా నిలబడి ఉంటాయి. పలుకుకీ పలుకుకీ మధ్య సరిహద్దు ఉంటుంది. ఇప్పుడు అదే బెల్లాన్ని పప్పుచెక్క కోసం ముదురు పాకం పట్టి, చల్లటి పళ్లెంలో పల్చగా పోయండి. క్షణాల్లో గట్టిపడి గాజులా నున్నగా అవుతుంది, టక్కున విరుగుతుంది. అందులో పలుకులు ఉండవు. ఎందుకంటే అణువులకి వరుసలో నిలబడే టైమ్ దొరకలేదు. ఎక్కడివి అక్కడే బిగుసుకుపోయాయి. స్థూలంగా అమార్ఫస్ అంటే అదే.

లోహాలకి సహజంగా పలుకులు కట్టే గుణం ఉంటుంది. ఇనుము, రాగి, బంగారం అన్నీ అంతే. అయస్కాంతపు పొర మీద సమాచారం రాసి, కాంతితో చదవాలంటే ఈ పలుకులే పెద్ద తలనొప్పి. పలుకుల సరిహద్దుల దగ్గర కాంతి అడ్డదిడ్డంగా చెదురుతుంది. రేడియోలో గరగర శబ్దంలాగా చదివేటప్పుడు గోల వస్తుంది. 1950, 60 దశకాల్లో మాంగనీస్-బిస్మత్ లాంటి లోహాలతో చేసిన ప్రయోగాలకి అడ్డం పడ్డ వాటిలో ఇదొకటి.

పలుకులే లేని అయస్కాంతపు పొర దొరికితే? అక్కడ ఇంకో చిక్కు. అణువులకి వరుసే లేకపోతే అయస్కాంతానికి ఒక దిక్కు ఎలా ఉంటుంది? ఉండదనే చాలామంది అనుకున్నారు. సమాచారం కిక్కిరిసి రాయాలంటే పొరలోని చిట్టి అయస్కాంతాలు పొలంలో వరి మొక్కల్లా పైకీ కిందకీ నిలబడాలి. పడుకుంటే చోటు సరిపోదు. వరుస లేని లోహంలో అవి నిలువుగా నిలబడతాయని నమ్మడం కష్టం.

ఐబీఎంలో ముగ్గురు

1973లో ఆ నమ్మకం తప్పని తేలింది. అమెరికాలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో ప్రవీణ్ చౌధరి, జెరోమ్ క్యూమో, రిచర్డ్ గాంబినో అనే ముగ్గురు గాడోలినియం, కోబాల్ట్ కలిపిన అమార్ఫస్ పొరలు తయారు చేశారు. వాటిలో అయస్కాంతాలు నిలువుగానే నిలబడ్డాయి.

ప్రవీణ్ చౌధరి పంజాబ్‌లో పుట్టారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, ఎంఐటీలో డాక్టరేట్ చేసి 1966లో ఐబీఎంలో చేరారు. తమాషా ఏంటంటే, వాళ్లు మొదట డిస్క్ కోసం వెతకలేదు. అప్పట్లో 'బబుల్ మెమరీ' అనే ఇంకో రకం మెమరీ మీద అందరికీ మోజు. దాని కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. అదే ఏడాది, లేజర్‌తో రాసి చదవడానికి కూడా ఈ పొర పనికొస్తుందని మరో పత్రం రాశారు. బబుల్ మెమరీ ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. రెండో పత్రంలోని ఆలోచన మాత్రం పరిశ్రమగా మారింది. 1995లో ఈ ముగ్గురికీ అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది.

తర్వాత గాడోలినియం చోట టెర్బియం వచ్చింది. టెర్బియం, ఇనుము, కోబాల్ట్ కలిపిన పొరే మార్కెట్లోకి వచ్చిన డిస్కుల్లో స్థిరపడింది. దీన్ని కరిగించి పోయరు. గాలి తీసేసిన గదిలో ఆర్గాన్ వాయువు కొద్దిగా వదిలి, ఆర్గాన్ అయాన్లతో లోహపు పలకని కొడతారు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ తగిలి కాయిన్ ఎగిరినట్టు లోహపు అణువులు ఎగిరి, ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ డిస్క్ మీద పడతాయి. పడ్డ చోటే బిగుసుకుంటాయి.. పళ్లెంలో పోసిన పాకంలాగే. డిస్క్‌ని కాల్చాల్సిన పని లేదు కాబట్టి చవకైన ప్లాస్టిక్ సరిపోతుంది. పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు. తల వెంట్రుక అడ్డకొలతలో సుమారు వెయ్యో వంతు అన్నమాట.

వేడి చేస్తేనే తెరుచుకునే తాళం

ఈ పొర గట్టిదనం అంతా తాడు లాగే ఆటలో ఉంది. టెర్బియం అయస్కాంతాలు ఒకవైపు లాగుతాయి, ఇనుము-కోబాల్ట్ అయస్కాంతాలు దానికి ఎదురుగా లాగుతాయి. రెండు జట్లూ సమ ఉజ్జీలైతే తాడు కదలదు. బయటి నుంచి చూస్తే పొరలో అయస్కాంతమే లేనట్టు ఉంటుంది. మామూలు గది వేడిలో ఇంచుమించు ఈ పరిస్థితి ఉండేలా పాళ్లు కలుపుతారు. అప్పుడు బయటి అయస్కాంతానికి పట్టుకోవడానికి పట్టు దొరకదు. క్యాసెట్‌ని, ఫ్లాపీని పాడుచేసే స్పీకర్ అయస్కాంతం దీన్ని ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే.

మరి రాయడం ఎలా? లేజర్‌ని ఒక మైక్రాన్ చుక్క మీద పెడతారు. సెకనులో పది లక్షల వంతు కూడా పట్టకుండా ఆ చుక్క సుమారు 200 డిగ్రీల వేడికి చేరుతుంది. అక్కడికి వచ్చేసరికి పొరలోని అయస్కాంత గుణం కరిగిపోతుంది. దీన్నే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. అదే క్షణంలో దగ్గర్లో ఉన్న చిన్న అయస్కాంతం 'పైకి' అంటే పైకి, 'కిందకి' అంటే కిందకి. లేజర్ ఆగగానే చుక్క చల్లారి ఆ దిక్కులోనే బిగుసుకుంటుంది. పక్క చుక్కకి వేడి తగల్లేదు కాబట్టి అది కదలదు. అంటే, వేడి చేస్తే తప్ప తెరుచుకోని తాళం ఇది. వేసవిలో నర్సీపట్నం ఎంత మండినా 200 డిగ్రీలు కాదు కదా!

చదవడానికి తక్కువ పవర్ లేజర్ చాలు. 1877లో స్కాట్లాండ్‌కి చెందిన జాన్ కెర్ ఓ సంగతి గమనించారు. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చే కాంతి, తన కంపన దిశని కొంచెం తిప్పుకుంటుంది. అయస్కాంతం పైకి ఉంటే ఒక పక్కకి, కిందకి ఉంటే ఇంకో పక్కకి. ఈ పొరల్లో ఆ తిరుగుడు ఒక డిగ్రీ కూడా ఉండదు. గడియారంలో నిమిషాల ముల్లు పది సెకన్లలో తిరిగేదానికంటే తక్కువ. ఆ చిన్న తేడాని పట్టుకుని ఫైళ్లకి ఫైళ్లు చదివేశారు. పలుకులు లేని నున్నటి పొర కాబట్టే అది సాధ్యమైంది. పలుకుల గోల ఉంటే ఇంత చిన్న సంకేతం అందులో మునిగిపోయేది.

ఒక లోపం లేకపోలేదు. టెర్బియంకి గాలి పడదు, తొందరగా తుప్పు పడుతుంది. అందుకే రెండు పక్కలా సిలికాన్ నైట్రైడ్ లాంటి కాపలా పొరలు వేశారు. ఆ కాపలా బాగున్నంత కాలం డిస్క్‌కి ఢోకా లేదు. తయారీ కంపెనీలు దశాబ్దాల గ్యారంటీ మాటలు చెప్పింది ఆ ధైర్యంతోనే.

గొప్పదే కానీ గెలవలేదు

1988లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంప్యూటర్‌లో 256 మెగాబైట్ల మాగ్నెటో ఆప్టికల్ డ్రైవ్ పెట్టారు. అప్పట్లో అది సంచలనం. 1992 నవంబర్‌లో సోనీ జపాన్‌లో మినీడిస్క్ తెచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, 74 నిమిషాల పాటలు పడతాయి. ఇంట్లో రికార్డ్ చేసుకునే ఖాళీ మినీడిస్క్‌లో ఉన్నది ఈ అమార్ఫస్ పొరే. జపాన్ ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, రేడియో స్టేషన్లలో ఈ రకం డిస్కులు బాగా నడిచాయి. ఆంధ్రాలో మామూలు ఇళ్లకి మాత్రం పెద్దగా రాలేదు.

కారణం డబ్బే. ఈ డ్రైవ్‌లో లేజర్ కావాలి, అయస్కాంతం కావాలి, కాంతి తిరుగుడు పట్టుకునే ప్రత్యేకమైన అద్దాలు కావాలి. తొలి డ్రైవ్‌లు ముందు చెరిపి, తర్వాత రాసేవి, అంటే టైమ్ రెట్టింపు. రంగు పూసిన డిస్క్‌కి ఇవేవీ అక్కర్లేదు. పైగా ఇంట్లో ఉన్న మామూలు ప్లేయర్‌లోనే ఆడుతుంది. పది, పదిహేను రూపాయల డిస్క్ ముందు అంత ఖరీదైన సరంజామా ఎవరు కొంటారు? పెళ్లివారు అడిగింది 'టీవీలో ఆడాలి' అని. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆడాలని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తప్పు ఎవరిదీ అనలేం కానీ నష్టం మాత్రం ఆ కుటుంబాలదే.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు వచ్చాయి. సోనీ 2013లో మినీడిస్క్ ప్లేయర్లు ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో ఖాళీ డిస్కుల తయారీ కూడా ఆపేసింది. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే, 1990ల్లో రాసిన మాగ్నెటో ఆప్టికల్ డిస్క్‌లో రాత చెక్కుచెదరకుండా ఉండొచ్చు. చదివే మెషీన్ దొరకడమే కష్టం. రంగు డిస్క్‌కి చదివే మెషీన్ ఉంది, రాత లేదు. దీనికి రాత ఉంది, మెషీన్ లేదు.

అచ్యుతాపురంలో ఆ లోహాల చుట్టాలు

నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాకీ ఈ కథకీ ఇంకో లింకు ఉంది. టెర్బియం, గాడోలినియం, సమారియం.. ఇవన్నీ 'రేర్ ఎర్త్' కుటుంబం లోహాలు. విశాఖ, భీమిలి తీరాల్లో కనిపించే నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. ఈ కుటుంబం అందులో దాగి ఉంది. అయితే టెర్బియం లాంటివి అందులో చాలా చాలా తక్కువ. ఎక్కువగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం.

అచ్యుతాపురం దగ్గర బార్క్ ప్రాంగణంలో కేంద్ర సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల ప్లాంట్ పెట్టింది. 2023 మే 11న ప్రధాని మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడ తయారయ్యేవి సమారియం-కోబాల్ట్ అయస్కాంతాలు. డిస్క్ పొరలు కావు, గట్టి దిమ్మలు. సూత్రం మాత్రం ఒకే ఇంటిది. ఒక రేర్ ఎర్త్ లోహం, ఒక ఇనుము జాతి లోహం జత కడితే మొండి అయస్కాంతం పుడుతుంది.

హైదరాబాద్‌ని కూడా మర్చిపోకూడదు. సెంట్రల్ యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ప్రొఫెసర్ ఎస్.ఎన్. కౌల్ అమార్ఫస్ అయస్కాంతాలపై ఏళ్ల తరబడి పనిచేశారు. వరుస లేని లోహం క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న మీద 1985లో ఆయన రాసిన సమీక్ష ఈ రంగంలో చాలామంది చదివినది.

లేజర్ మళ్లీ వచ్చింది

డిస్క్ పోయింది కానీ దాని ఉపాయం పోలేదు. హార్డ్ డిస్క్ కంపెనీలు ఏళ్ల తరబడి ఒక గోడ దగ్గర ఆగిపోయాయి. ఎక్కువ సమాచారం పట్టాలంటే అయస్కాంత చుక్క చిన్నది కావాలి. చుక్క మరీ చిన్నదైతే గది వేడికే దిక్కు మార్చేసుకుంటుంది, రాసింది పోతుంది. పోకుండా మొండి లోహం వాడితే, అసలు రాయడమే కుదరదు. దారి ఏంటి? అదే పాత తాళం. రాసేటప్పుడు మాత్రం లేజర్‌తో వేడి చేయడం.

2024 జనవరిలో సీగేట్ ప్రకటించిన 30 టెరాబైట్ల పైబడిన హార్డ్ డిస్కులు ఈ పద్ధతిలోనే రాస్తాయి. అక్కడ పొర అమార్ఫస్ కాదు, ఇనుము-ప్లాటినం సన్నటి పలుకులు. వేడి కూడా 400 డిగ్రీలు దాటుతుంది. చదవడం కాంతితో కాదు, సెన్సర్‌తో. కానీ 'చల్లగా ఉంటే మొండి, వేడి చేస్తే మెత్తన' అనే సూత్రం మాత్రం మారలేదు.

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖ కేంద్రంగా ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి ఏఐ డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అందులో అనకాపల్లి జిల్లా రాంబిల్లి పేరు కూడా ఉంది. ఇలాంటి సెంటర్లలో జనం దాచుకునే ఫొటోలు, వీడియోల్లో ఎక్కువ భాగం ఉండేది హార్డ్ డిస్కుల మీదే. నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్ యూనివర్సిటీ బృందం 2007లో ఇంకో అడుగు వేసింది. గాడోలినియం-ఇనుము-కోబాల్ట్ అమార్ఫస్ పొరలో బయటి అయస్కాంతం లేకుండా, ఒట్టి లేజర్ మెరుపుతోనే దిక్కు తిప్పి చూపించింది. అది ఇంకా ల్యాబ్ దాటలేదు.

మరి మీ ఇంట్లో సీడీ సంగతేంటి?

పెళ్లి సీడీ ఇంకా ఆడుతుంటే ఆలస్యం చేయకండి. కాపీ తీయించుకోండి. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్లు కొత్తగా రావడం దాదాపు ఆగిపోయింది. ఆ డ్రైవ్ ఉన్న షాపులు కూడా తగ్గిపోతున్నాయి. ఒక డ్రైవ్‌లో ఆడకపోతే పోయిందని పారేయొద్దు. వేరే కంపెనీ డ్రైవ్‌లో తక్కువ స్పీడ్‌తో చదివిస్తే వచ్చిన సందర్భాలు చాలా ఉంటాయి.

చాలామంది చేసే పొరపాటు, కింది వైపు జాగ్రత్తగా చూసుకుని పైన బాల్ పెన్నుతో పేరు రాయడం. సీడీలో రంగు, మెరిసే పూత ఉండేది పై వైపే, లేబుల్ కింద పల్చటి వార్నిష్ కింద. అక్కడ గీత పడితే సమాచారమే ఊడిపోతుంది. కింది వైపు గీతలు పాలిష్ చేస్తే పోవచ్చు, పైన పడ్డ గీతకి మందు లేదు. డీవీడీలో పూత మధ్యలో ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. సగం సగం అంటించే స్టిక్కర్లు దేనికీ మంచివి కావు.

కాపీ తీశాక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే అది కూడా కారిపోతుంది. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి క్లౌడ్‌లో లేదా వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో పెట్టండి. ఏడాదికోసారి తెరిచి, జీలకర్ర బెల్లం సీన్ దాకా కాదు, చివరి అప్పగింతల దాకా నడిపించి చూడండి. డిస్కులు పాడవడం చాలాసార్లు మొదలయ్యేది బయటి అంచు నుంచే, వీడియో చివరి భాగం ఉండేది ఆ అంచు వైపే.